పుట్టింటికి వచ్చే పక్షులు

'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అని తెలుగువారి ఇళ్లలో పెద్దలు అంటూ ఉంటారు. మాఘమాసం చివరికి వచ్చేసరికి తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. పొద్దెక్కగానే నీడ వెతుక్కోవాలనిపిస్తుంది. మామిడి పూత పిందె కడుతుంది. మోదుగు చెట్టు ఆకులు రాల్చి పువ్వులు తొడుగుతుంది. రుతువు మారిన సంగతి మనుషులు పంచాంగం చూసి తెలుసుకొంటారు. పక్షులకు పగటి వెలుగే పంచాంగం. పగలు సాగుతున్నకొద్దీ, ఉత్తర దేశాలనుండి చలికాలం గడపడానికి వచ్చిన పక్షులు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పక్షులలో ఎన్నో గూళ్లు కట్టుకొనే పనిలో పడతాయి. వెళ్లేవీ, వచ్చేవీ, కాపురం పెట్టేవీ అన్నీ ఒక్కసారే కంటబడే కాలమిది.

పాఠశాల సంవత్సరంలో ఒక్క రోజైనా విద్యార్థులు ఈ కాలంలో పక్షులను చూడడానికి బయలుదేరాలి. అది విహారయాత్రగా కాక, తరగతి గదిలో చెప్పే పాఠంతో సమానమైన పాఠంగా జరగాలి. ఎందుకు జరగాలో చెప్పడానికి ఒక్క ఊరి సంగతి చాలు.

ఆ ఊరు కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు. బెంగళూరునుండి మైసూరు వెళ్లే దారిలో మద్దూరుకు చేరువలో, మండ్య జిల్లాలో ఉంది. దగ్గరలోనే శింశా నది పారుతుంది. చుట్టూ చెరకు, వరి, రాగి పండే పొలాలు. చూడడానికి అన్ని పల్లెల వంటిదే. అయితే శీతాకాలం నడిమినుండి వేసవి దాటే వరకు ఆ ఊరి వీధులలో, ఇళ్ల పెరళ్లలో ఉన్న చింతచెట్ల మీద, రావి, మర్రి జాతి చెట్ల మీద పెద్ద పెద్ద నీటిపక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గూడబాతు. రెండవది ఎర్రకాళ్ల కొంగ.

ఊరి పేరులోని 'కొక్కరె' కన్నడ మాట. కొంగ జాతి పక్షిని అలా పిలుస్తారు. తెలుగు నిఘంటువులు తిరగవేస్తే 'కొక్కెర' అనే మాట అదే అర్థంలో కనబడుతుంది. తమిళులు 'కొక్కు' అంటారు. సరిహద్దులు గీసిన తరువాత మూడు భాషలు మూడు రాష్ట్రాలకు చేరాయి కాని, చెరువుగట్టున ఒంటికాలిమీద నిలబడిన పక్షిని పిలిచే మాటలో ఆ చుట్టరికం చెక్కు చెదరలేదు. ఇంట తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడుతూ పెరిగే పిల్లలకు ఇది తెలుసుకోదగిన సంగతి. తమ భాష పొరుగు భాషకు పరాయిది కాదని ఒక కొంగ వారికి చెబుతుంది.

తెల్లవారే వేళకు ఆ ఊరు చేరిన వారికి పక్షులు కనబడకముందే వాటి సందడి వినబడుతుంది. పెద్ద గూడబాతులు చాలావరకు మౌనంగా ఉంటాయి. ఆ గోల అంతా పిల్లలది. తిండికోసం చేసే మారాం. వెలుగు పరచుకొనేకొద్దీ చెట్టు చెట్టంతా పుల్లల గూళ్లతో నిండి కనిపిస్తుంది. ఒకే చెట్టుమీద కొన్ని గూళ్లలో గుడ్లను పొదిగే తల్లులు, కొన్నిటిలో ఒంటిమీద నూగు మాత్రమే ఉన్న కూనలు, ఇంకొన్నిటిలో రెక్కలు విదిలించి చూసుకొనే ఎదిగిన పిల్లలు ఉంటాయి. గూడబాతులు ముందుగా వచ్చి కాపురం మొదలుపెడతాయి. ఎర్రకాళ్ల కొంగలు కొంత ఆలస్యంగా వస్తాయి. అందువల్ల చలి వెళ్లే ఈ దినాలలో పక్షి జీవితంలోని అన్ని దశలనూ ఒకే వీధిలో నిలబడి చూడవచ్చు.

గూడబాతు ముక్కు కింద పెద్ద తోలుసంచి వేలాడుతూ ఉంటుంది. పూర్వం పల్లెల్లో ఇద్దరు మనుషులు చెరో వైపు తాళ్లు పట్టుకొని, బుట్టవంటి గూడతో గుంటలోని నీటిని పొలానికి చేదేవారు. ఆ గూడను ఎరిగిన వారికి ఈ పక్షి పేరును వేరే వివరించనక్కరలేదు. పక్షి చేసే పని కూడా అదే. సంచిని నీటిలో ముంచి, చేపలతో సహా ఎత్తి, నీటిని వంపేసి చేపలను మింగుతుంది. గూటికి తిరిగి వచ్చాక పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి ఆహారం అందుకొంటుంది.

ఎర్రకాళ్ల కొంగ పద్ధతి వేరు. అది లోతులేని నీటిలో నిలబడి, పొడవైన పసుపుపచ్చ ముక్కును కొద్దిగా తెరచి, నీటిలో అటూ ఇటూ ఆడిస్తుంది. ముక్కుకు చేప తగిలిందో లేదో, టక్కున మూస్తుంది. బురదనీటిలో కంటికి పని లేదు. స్పర్శే దానికి చూపు. ఇటువంటి సంగతులు పుస్తకంలో చదివితే పరీక్ష వరకు గుర్తుంటాయి. కళ్లారా చూస్తే జీవితమంతా గుర్తుంటాయి.

పొద్దు బారెడెక్కాక మరొక దృశ్యం కనబడుతుంది. ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలిని నమ్ముకొని పెద్ద పక్షులు రెక్కలు ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ ఆకాశంలోకి ఎగబాకుతాయి. అక్కడినుండి దూరపు చెరువులకు సాగిపోతాయి. ఎర్రకాళ్ల కొంగ ఎగిరేటప్పుడు మెడను ముందుకు చాస్తుంది. తెల్లకొంగ, గుడ్డికొంగ మెడను ముడుచుకొంటాయి. అంత దూరాన రంగు తెలియకపోయినా, ఈ ఒక్క గుర్తుతో ఏది ఏ జాతిదో చెప్పవచ్చు. విజ్ఞానశాస్త్రం మొదలయ్యేది ఇటువంటి చిన్న తేడాలను పట్టుకోవడంలోనే.

మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి, తన ఒంటి నీడ పిల్లలమీద పడేట్లు చూసుకొంటుంది. ఆ నీడ ఎందుకంత అవసరమో అర్థమైతే, పక్షులను చూడడానికి వెళ్లినవారు పాటించవలసిన నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. చెట్టుకింద కేకలు వేసినా, కొమ్మ ఊపినా, రాయి విసిరినా తల్లి బెదిరి లేచిపోతుంది. కాసేపట్లో గుడ్లు, కూనలు ఎండకు మాడిపోతాయి. కాకులు, గద్దలు కాచుకొని ఉండనే ఉంటాయి. చూసేవారి సరదా ఒక గూటి ప్రాణాలను తీయగలదు. నిశ్శబ్దంగా, దూరంగా, ఓపికగా ఉండాలనే నియమం మర్యాదకోసం పెట్టింది కాదు, ప్రాణాలకోసం పెట్టింది.

కొక్కరె బెళ్లూరులో చూడవలసింది పక్షులను మాత్రమే కాదు. వాటితో ఊరివారికి ఉన్న సంబంధాన్ని కూడా చూడాలి. ఆ ఊరివారు ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. అవి వస్తే ఊరికి మేలు జరుగుతుందని నమ్ముతారు. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో ప్లేగు వచ్చి జనం పాత ఊరు వదిలి వేరేచోట ఇళ్లు కట్టుకొన్నప్పుడు, పక్షులు కూడా వారి వెంటే వచ్చాయని అక్కడి పెద్దలు చెప్పుకొంటారు. 1864లో అచ్చయిన తన పక్షిశాస్త్ర గ్రంథంలో జెర్డన్ అనే ఆంగ్లేయుడు, కర్నాటిక్ ప్రాంతంలో ఒక ఊరి నడుమనే చెట్లమీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కట్టుకొంటున్నాయని, మనుషులు దగ్గరగా తిరుగుతున్నా వాటికి బెదురు లేదని రాశాడు. దక్షిణాదిలో మనిషీ పక్షీ ఇలా ఇరుగుపొరుగుగా బతకడం చట్టాలు రాకముందునుండీ ఉన్న ఆచారమని దీనివల్ల తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కొక్కరె బెళ్లూరును సముదాయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది 2007లో. అంతవరకు పక్షులను కాచింది ఊరి మనసే.

అయితే మనసు ఒక్కటే చాలదు. ఈ మాట చెప్పకపోతే ఆ ఊరి కథ సగమే చెప్పినట్లవుతుంది. చింతకాయ పండి కోతకు వచ్చే కాలమూ, పక్షి పిల్లలను సాకే కాలమూ ఇంచుమించు ఒకటే. చింతపండు పల్లె రైతుకు చేతికందే నగదు పంట. చెట్టెక్కి కొమ్మలు దులిపితే గూళ్లు రాలిపోతాయి. దులపకపోతే పంట పోతుంది. ఏళ్ల తరబడి ఆ ఊరి రైతులు పంట వదులుకొన్నారు. రాత్రింబగళ్ల గోలను, చెట్టుకింద చేపల నీచువాసనను, వాకిట పడే రెట్టలను కూడా భరించారు. రెట్టలు పడేచోట గుంటలు తవ్వి, చెరువు మట్టితో కలిపి, ఎరువుగా మార్చి పొలాలకు వేసుకొన్నారు. అది మంచి ఎరువే. కాని ఎరువు అన్ని నష్టాలనూ పూడ్చదు. అవసరం పడినప్పుడు కొందరు చెట్లను అమ్మక తప్పలేదు. చెట్టు పోయిన చోట గూళ్లూ పోయాయి.

పట్నంనుండి వచ్చి, ఒక పూట పక్షులను చూసి, 'ఎంత మంచివారో ఈ పల్లె జనం!' అని మెచ్చుకొని వెళ్లిపోవడం సులభం. ఆ మంచితనపు ఖర్చు ఎవరి ఇంటినుండి పోతున్నదో అడగడం కష్టం. అడగవలసింది ఆ ప్రశ్నే. చెట్ల యజమానులకు అటవీశాఖ కొంత పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. 1990లలో మైసూరుకు చెందిన ప్రకృతి ప్రేమికులు ఊరి యువకులతో కలిసి పనిచేయసాగారు. గూటినుండి జారిపడిన పిల్లలను ఆవరణలో ఉంచి, చేపలు పెట్టి సాకారు. ఆ యువకుల సంఘం పేరు 'హెజ్జార్లె బళగ'. హెజ్జార్లె అంటే గూడబాతు. బళగ అంటే తెలుగులో బలగమే. గూడబాతుల బంధువర్గమన్నమాట. బంధుత్వమంటే మాటవరసకు చెప్పుకొనేది కాదని, ఖర్చులోనూ శ్రమలోనూ భాగం పంచుకోవడమని ఆ పేరు గుర్తుచేస్తుంది. పక్షులు అందరివీ అయినప్పుడు వాటిని సాకే భారం ఒక్క చింతచెట్టు రైతుదే కావడం న్యాయం కాదు.

చెట్టుతోపాటు చెరువు కూడా ఉండాలి. ఊరిలో గూడు ఉంటుంది కాని ఊరిలో చేప ఉండదు. తిండికోసం పక్షులు చుట్టుపక్కల చెరువులకు, నదికి వెళ్లి రావాలి. చెరువు ఎండినా, పూడినా, మురుగునీటితో నిండినా ఆ లోటు చివరకు గూటిలోని పిల్లకే తగులుతుంది. ఊరివారు ఎంత ప్రేమించినా, పక్క ఊరి చెరువు పాడైతే పక్షి రాదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటి ఊళ్లు ఉన్నాయి. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్లమీదనే గూళ్లు కడతాయి. అక్కడి ప్రజలు కూడా వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకొంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లను ఆశ్రయిస్తాయి. ఒకరి ఊరు ఒకరు చూడని జనం, వేరువేరు భాషలలో, ఒకే పక్షికి ఒకే చుట్టరికం కలిపారు.

ఇక్కడ కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఒక అభ్యంతరం చెబుతారు. ఫిబ్రవరి, మార్చి నెలలు పరీక్షల కాలం. పాఠాలు పూర్తి కాలేదు. ఇటువంటి సమయంలో పిల్లలను చెట్ల వెంట తిప్పడమెందుకని వారి ప్రశ్న. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. పేద, మధ్యతరగతి పిల్లలకు మార్కులే ముందు దారి చూపుతాయి. అందులోనూ తమ భాషకు చెందిన బడి దూరంగా, ఉపాధ్యాయులు తక్కువగా ఉన్నచోట ప్రతి దినమూ విలువైనదే.

అయినా ఆ ఒక్క రోజు వృథా కాదు. చూసినదాన్ని చూసినట్లు రాయడం భాషలో కష్టమైన పని. 'ఒక పెద్ద పక్షి చెట్టుమీద ఉంది' అని రాసే విద్యార్థికీ, 'గూడబాతు గూటి అంచున వాలి పిల్లకు మేత అందించింది' అని రాసే విద్యార్థికీ ఎంతో తేడా ఉంది. రెండవ వాక్యం రాయడానికి కళ్లు పనిచేయాలి, మాటలు తెలిసి ఉండాలి. పక్షుల సంఖ్యను వేళవారీగా లెక్కించి పట్టిక వేస్తే అది గణితం. ఏ పక్షి ఏ దేశంనుండి వచ్చిందో పటంలో వెతికితే అది భూగోళం. ఒక్క రోజు నడకలో ఇన్ని పాఠాలు కలిసి వస్తాయి.

మాటల సంగతి మరికొంత ఆలోచించదగినది. లకుముకి పిట్ట, పాలపిట్ట, జెముడుకాకి, వడ్రంగి పిట్ట, గిజిగాడు, పిగిలిపిట్ట, తీతువు, నీటికాకి, తెడ్డుమూతి కొంగ, నత్తగొట్టు కొంగ. ఈ పేర్లు పండితులు కూర్చుని కల్పించినవి కావు. పొలం దున్నేవారు, పశువులు కాసేవారు, చేపలు పట్టేవారు తరతరాలు చూసి పెట్టినవి. తెడ్డుమూతి అనే మాటలో ముక్కు ఆకారం ఉంది. వడ్రంగి అనే మాటలో పక్షి చేసే పని ఉంది. నత్తగొట్టు అనే మాటలో దాని ఆహారమే ఉంది. తెలుగునాటికి దూరంగా స్థిరపడిన కుటుంబాలలో ఈ పేర్లు అమ్మమ్మలకు, తాతయ్యలకు తెలుసు, మనుమలకు తెలియవు. పక్షి కనబడనప్పుడు దాని పేరు పలికే అవసరం రాదు. పలకని పేరు ఒక తరంలో మరుగున పడుతుంది. పక్షిని చూసి వచ్చిన పిల్లవాడు ఆ సాయంత్రం ఇంట్లో పెద్దలను దాని పేరు అడిగితే, ఒక పక్షీ ఒక మాటా కూడా నిలుస్తాయి. ఉంటున్న రాష్ట్రపు భాషలో దాని పేరు కూడా నేర్చుకొంటే ఇంకా మంచిది. రెండు పేర్లు తెలిసినవాడు ఇద్దరితో మాట్లాడగలడు.

ఇందుకోసం అందరూ కొక్కరె బెళ్లూరే వెళ్లాలని లేదు. తమిళనాడులోని విద్యార్థులకు వేడంతాంగల్ ఉంది. అక్కడి రైతులు తమ చెరువులోని కడప చెట్లమీద వాలే పక్షులను వేటగాళ్ల తుపాకులనుండి కాపాడమని కోరి, పద్దెనిమిదవ శతాబ్దం చివరలోనే జిల్లా కలెక్టరునుండి ఉత్తరువు సంపాదించారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు తమ పొలాలకు బలమని వారికి తెలుసు. ఒడిశాలోని వారికి చిలకా సరస్సు ఉంది. దాని ఒడ్డున మంగళాజోడి గ్రామంలో ఒకప్పటి వేటగాళ్లే పక్షులకు కాపలాదారులయ్యారు. మహారాష్ట్రలో షోలాపూర్ ప్రాంతంవారికి భీమా నదిమీద ఉజని జలాశయం ఉంది. యానాం పిల్లలకు గోదావరి పాయలు, కోరంగి మడ అడవులు కూతవేటు దూరం. ఉత్తర కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు, తలమీద రెండు నల్లని పట్టీలున్న బాతులు ప్రతి శీతాకాలం హిమాలయాలను దాటి వస్తాయి. ఎండలు ముదిరేలోగా మళ్లీ అదే దారిన వెళ్లిపోతాయి.

అంత దూరం కూడా వెళ్లలేని బడి ఉంటే, ఊరి చెరువుగట్టు చాలు. బడి ఆవరణలోని వేపచెట్టు చాలు. దుర్భిణి లేకపోయినా ఫరవాలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, మాట్లాడకుండా గంటసేపు నిలబడే ఓపిక ఉంటే సరిపోతుంది. తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, సంఖ్య, అది చేస్తున్న పని రాసుకోవాలి. పేరు తెలియనిచోట రూపం రాసుకోవాలి. ప్రతి ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా సామాన్య ప్రజలు తమ పరిసరాల్లోని పక్షులను లెక్కించి నమోదు చేస్తున్నారు. మన దేశంలోనూ వేలమంది అందులో పాల్గొంటున్నారు. ఒక ఏడు చూసిన లెక్క జ్ఞాపకంగా మిగులుతుంది. పదేళ్లు వరుసగా అదే చెరువుగట్టున, అదే మాఘమాసంలో, ఒక బడి పిల్లలు రాసిన లెక్క సాక్ష్యమవుతుంది. చెరువు బాగున్నదో చెడుతున్నదో ఆ నోటుపుస్తకమే చెబుతుంది.

సాయంత్రం ఎండ వాలాక కొక్కరె బెళ్లూరులో మేతకు వెళ్లిన పక్షులు తిరిగి వస్తాయి. ఒక్కొక్క గూటిలో పిల్లలు మెడలు చాస్తాయి. చెట్టుకింద ఇంటి అరుగుమీద మనుషులు తమ మాటలు తాము చెప్పుకొంటూ ఉంటారు. ఎవరూ తల ఎత్తి చూడరు. ఇంటిమనుషులు వచ్చినప్పుడు ఎవరు వింతగా చూస్తారు? వర్షాకాలం మొదలయ్యేసరికి ఈ పక్షులు రెక్కలొచ్చిన పిల్లలతో ఊరు విడిచి వెళతాయి. మళ్లీ చలికాలానికి అవి వచ్చేవరకు ఊరు చేయవలసిన పని ఒకటే: చెట్టును నిలిపి ఉంచడం. చెరువును నిలిపి ఉంచవలసిన పని మాత్రం ఆ ఊరిది ఒక్కదానిదే కాదు. ఆ సంగతి తెలుసుకొని ఇంటికి వెళ్లిన విద్యార్థికి ఆ రోజు పాఠం వచ్చినట్లే.